వేణ్ణీళ్ళ పీపా

పిల్లలూ! మీ తాతగారి ఊళ్ళో, పెరటి పొయ్యి మీద రాగి కాగు ఎప్పుడైనా చూశారా? కింద కట్టెలు మండుతుంటే కాగులో నీళ్ళు మరిగి, ఆవిరి పైకి పోతుంది. కాగుకు మూత బిగించరు. అందుకే ఎంత మరిగినా అది పేలదు.

ఇక్కడ ఇంగ్లండులో చాలా ఇళ్ళల్లో కాగు చేసే పని అల్మారాలోని నిలువు పీపా చేస్తుంది. పాత పద్ధతిలో అటక మీద చన్నీళ్ళ ట్యాంకు ఉంటుంది. పీపా నుంచి ఒక గొట్టం పైకి వెళ్ళి ఆ ట్యాంకు మీదికి వంగి ఉంటుంది. ఆ గొట్టమే కాగు మూతి అనుకోండి. 1985 భవన నిబంధనలతో, వీధి గొట్టపు ఒత్తిడితోనే నిండే మూసిన పీపాలకు కూడా అనుమతి వచ్చింది.

మూసిన పీపాతో చిక్కేమిటి? నీరు వేడెక్కితే ఉబ్బుతుంది. 10 డిగ్రీల నీరు 150 లీటర్లు తీసుకొని 60 డిగ్రీలకు కాస్తే, సుమారు రెండున్నర లీటర్లు పెరుగుతుంది. దానికి చోటు చూపాలి. ఇంకా పెద్ద అపాయం మరొకటి. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. అప్పుడు పీపా పగిలిందా, అందులో చాలా నీరు క్షణంలో ఆవిరైపోతుంది. ఆవిరికి నీటికన్నా సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. ఇంటి గోడలు ఆగుతాయా?

అందుకని నిబంధనలు ఒక కాపలా చాలదన్నాయి. థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర వేడిని ఆపుతుంది. అది పాడైతే రెండో మీట కరెంటు తెంపుతుంది. మనిషి వచ్చి నొక్కితే తప్ప మళ్ళీ పనిచేయదు. అదీ తప్పితే, 90 డిగ్రీలు దాటాక ఒక వాల్వు తెరుచుకొని వేడినీటిని బయటికి వదులుతుంది. ఆ నీరు తెరిచి ఉన్న ఒక గరాటు గుండా పోతుంది. కారేది కంటికి కనబడాలనే గరాటును తెరిచి ఉంచారు. నీళ్ళు కారుతున్నాయని అందులో గుడ్డ కుక్కేవారు కూడా ఉంటారు! మీరు మాత్రం వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి.

మరి 40 డిగ్రీలకే కాచుకోరాదా? కూడదు. గోరువెచ్చని నీటిలో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటలులో చేరినవారికి ప్రాణాంతకమైన జ్వరం తెచ్చింది అదే. కనుక పీపాలో నీరు 60 డిగ్రీలు ఉండాలి.

కాని 60 డిగ్రీల నీరు కొద్ది క్షణాల్లో చర్మాన్ని కాలుస్తుంది. మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు, తొట్టిలో ముందు వేడినీళ్ళు వదిలి తువ్వాలు తేవడానికి వెళ్ళాను. అది చెయ్యి పెట్టేసింది. బొబ్బలు మానడానికి మూడు వారాలు పట్టింది. మా అమ్మ ఎప్పుడూ చన్నీళ్ళు ముందు పోసి, వేణ్ణీళ్ళు తర్వాత తొరిపేది. నాకు తెలిసీ మరిచాను. 2010 నుంచి ఇక్కడ కొత్తగా కట్టే ఇళ్ళల్లో స్నానాల తొట్టి కుళాయికి నీళ్ళు తొరిపే వాల్వు అమర్చి, 48 డిగ్రీలు దాటకుండా చూడాలి.

ప్రశ్నలు
1. కాగు పేలదు, మూసిన పీపా పేలవచ్చు. ఎందుకు?
2. 'తొరుపు' అనే మాటను సొంత వాక్యంలో వాడండి.
3. మీ ఇంట్లో పీపా ఉంటే, పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళి గరాటు ఎక్కడుందో చూడండి. దేన్నీ ముట్టుకోకుండా బొమ్మ గీయండి.