మియాండర్: ఒక నది ఇచ్చిన మాట

ఈసారి 'మియాండర్' అనే ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. సివిల్ వాళ్లకి పాఠాల్లో తగిలే మాటే. మెలికలు తిరుగుతూ పారడం అని అర్థం. మనిషి గురించి అంటే ఊరికే అటూ ఇటూ తిరగడం. ఉపన్యాసం గురించి అంటే అసలు విషయం వదిలేసి ఎటో పోవడం.

దీని మూలం ఒక నది పేరు. ఇప్పటి టర్కీ నైరుతి భాగంలో పారే ఒక నదిని పాతకాలపు గ్రీకులు 'మైయాండ్రోస్' అనేవారు. అది ఎన్ని మెలికలు తిరిగేదంటే, వంకరటింకరగా ఉన్న ప్రతిదానికీ ఆ పేరే స్థిరపడిపోయింది. లాటిన్ మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ నది ఇప్పటికీ ఉంది, పేరు 'బుయుక్ మెండెరెస్'.

మరి తెలుగులో? మన 'వంక' చూడండి. వంపు అన్నా వంకే, వాగు అన్నా వంకే. నెలవంకలో మొదటిది, 'వాగులూ వంకలూ' అన్నప్పుడు రెండోది.

నది ఎందుకు మెలికలు తిరుగుతుంది? వంపు బయటి గట్టు దగ్గర నీటి వేగం ఎక్కువ, గట్టు కోసుకుపోతుంది. లోపలి గట్టు దగ్గర వేగం తక్కువ, ఇసుక మేట వేస్తుంది. అలా వంపు ఇంకా పెరుగుతుంది. కప్పులో టీ తిప్పితే ఆకులు అడుగున మధ్యకి చేరడానికీ, నది వంపులకీ ఉన్న సంబంధాన్ని ఐన్‌స్టీన్ 1926లో ఒక చిన్న వ్యాసంలో వివరించాడు. నది నడిచిన దూరాన్ని తిన్నని దూరంతో భాగించినప్పుడు 1.5 దాటితే, సాధారణంగా దాన్ని మియాండరింగ్ నది అంటారు.

ఇప్పుడు మన పెన్న దగ్గరికి వద్దాం. నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. సంగం దగ్గర దానిమీద 19వ శతాబ్దంలోనే ఆనకట్ట కట్టారు, 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. గేట్లు కదలవు, నది కదులుతుంది. అందుకే బ్యారేజీ ఎంత ముఖ్యమో, నీటిని దారిలో పెట్టే కరకట్టలూ రాతి కట్టడాలూ అంతే ముఖ్యం.

2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఎండాకాలం ఖాళీగా కనిపించే ఇసుక తిన్నె నది వదిలేసిన స్థలం కాదు, నది తిరిగే స్థలం. రేపు లేఅవుట్ ప్లాన్ల మీద సంతకాలు పెట్టేది మనమే కాబట్టి, ఈ మాటకి అర్థం పరీక్ష అయ్యాక కూడా గుర్తుండాలి.