పెటీట్ అంటే ఏంటి పిన్నీ?

చెల్లీ, మొన్న డల్లాస్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. కొత్త ప్యాంటు కొనుక్కుందట, చీటీ మీద ‘పెటీట్’ అని ఉందట. దాని ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. నరసరావుపేటలో ఉన్నన్నాళ్లూ ఏది కొన్నా కింద బెత్తెడు మడిచి కుట్టించుకోవాల్సిందే. “ఇన్నాళ్లకి నా కొలతకి కుట్టిన బట్ట దొరికింది పిన్నీ” అని ఎంత సంబరపడిందో!

ఆ మాట ఫ్రెంచివాళ్లది. పెటీ అంటే చిన్న, స్త్రీలింగంలో పెటీట్. ఇంగ్లీషులో మనుషుల విషయంలో దాన్ని ఆడవాళ్లకే వాడతారు. పొట్టిగా, సన్నగా, ముచ్చటగా ఉందని అర్థం. బట్టల కొట్లో మాత్రం లావు సన్నాలతో పనిలేదు, ఎత్తే లెక్క. సుమారు 5 అడుగుల 4 అంగుళాల లోపు వాళ్లకి చేతుల పొడవు తగ్గించి, నడుమూ మోకాలూ వచ్చే చోటు పైకి జరిపి కుడతారు. స్మాల్ వేరు, పెటీట్ వేరు. బొద్దుగా ఉన్న పొట్టి అమ్మాయికీ పెటీటే నప్పుతుంది. ఆన్‌లైన్లో కొనేటప్పుడు ఇది మర్చిపోకు.

మా అక్క కూతురినే పెళ్లిచూపుల్లో ఒకావిడ “మరీ పొట్టి” అని మొహాన్నే అనేసింది. ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. పొట్టి అన్న మాటలో తప్పులేదమ్మా, మా నాయనమ్మ నన్ను “పొట్టీ” అనే పిలిచేది, ఆ పిలుపుకి పరిగెత్తుకెళ్లేదాన్ని. అనే గొంతులో ఉంది అంతా.

చిన్నదాన్ని ముద్దుగా చెప్పడానికి మనకి మాటలు లేకనా? 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకి నీళ్లొదిలారు. కానీ మన మిరపచేను గట్టుదాకా నీళ్లు తెచ్చేది పిల్లకాలువే కదా! చిన్న కాలువని పిల్ల అని ముద్దు చేశాం. మెల్లగా వీచేది పిల్లగాలి, పెదవి మీద మెరిసేది చిరునవ్వు. ఇంత మురిపెం నీళ్లకీ గాలికీ పంచి, ఆడపిల్ల ఎదుటికొచ్చేసరికి గిడస అనీ మరుగుజ్జు అనీ అనడానికి నోరెలా వస్తుంది?

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వస్తోందది. ఆ ప్యాంటే వేసుకొస్తానంది, మడత లేకుండా.