పాత వాచీల వర్తకము: తెర నుండి అంగడికి

కాయకమను పదమునకు మనవారు సాధారణముగా 'శ్రమ' అని అర్థము చెప్పుదురు. అది చాలదు. శరణుల వాడుకలో కాయకమనగా సత్యశుద్ధమైన శ్రమ, ఎదుటివానిని వంచింపనిది. నూలు వడికినను, చెప్పులు కుట్టినను, అంగడి పెట్టినను నియమమొక్కటే. నేటి వర్తకమొకదానిని తీసికొని ఈ నియమము దానికెట్లు వర్తించునో పరిశీలింతము. ఆ వర్తకము పాత చేతిగడియారములది.

హిందూస్తాన్ మెషీన్ టూల్స్ సంస్థ జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో 1961లో బెంగుళూరులో వాచీల కర్మాగారమును నెలకొల్పినది. జనత, పైలట్, సోనా, కోహినూర్ అను పేర్లతో వెలువడిన కీ వాచీలు ఒక తరమువారి మణికట్టుల నలంకరించినవి. పిదప బ్యాటరీ వాచీలు వచ్చినవి, వాటి వెనుక ఫోనులు వచ్చినవి. 2016 జనవరిలో ఆ వాచీల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. సంస్థ మూతపడునని తెలిసిన తరువాత పాతవానిపై మక్కువ పెరుగుట లోకసహజము.

విజయనగరము వంటి పట్టణమున ఇట్టి వాచీలకు కొదవ లేదు. ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, జూట్ మిల్లు కార్మికులు ధరించినవి నేడు ఎందరి బీరువాలలోనో నిద్రించుచున్నవి. వానిని కొని, తుడిచి, ఫోనుతో ఫొటో తీసి, అంతర్జాలము ద్వారా దూరపు నగరములవారికి అమ్ము యువకుడొకడు మన ఊరిలో ఉన్నాడనుకొందము. అతనికి అద్దె లేదు, బల్ల లేదు. అట్టివాడు గంటస్తంభము దగ్గర చిన్న గది తీసికొని అంగడి తెరువవలెనని తలంచినచో, అది తెలివియా, తెలివితక్కువయా? (1885లో కట్టిన ఆ స్తంభము క్రింద గడియారములు అమ్మువానికి వేరుగా బోర్డు అక్కరలేదేమో!)

మొదట ఫొటో ఏమి దాచునో చూతము. పాత వాచీకి డయలు ముఖము వంటిది. వెలిసిన డయలుకు కొత్త రంగు పూసి, అక్షరములు మరల అచ్చువేసి అమ్ముట మనదేశమున బాగుగా పాతుకొన్న పని. కర్మాగారము ఎన్నడును చేయని రంగులలో పైలట్ వాచీలు కనబడుటకు కారణమిదియే. భూతద్దము పెట్టి చూచినచో అక్షరముల అంచులు చెదరియుండుట తెలియును, ఫొటోలో తెలియదు. ఒక వాచీ యంత్రము, మరొకదాని మూత, వేరొకదాని ముళ్లు కలిపి ఒకటిగా నిలుపుటయు కలదు. అన్నిటికంటె ముఖ్యమైనది, వాచీ నడక. జనత వాచీలోని బ్యాలెన్సు చక్రము గంటకు 18,000 సార్లు, అనగా సెకనుకు 5 సార్లు కొట్టుకొనవలెను. నూనె ఎండినచో చక్రము బలహీనముగా ఊగి కాలము తప్పును. ఈ టిక్కుటిక్కులను విని దినమునకు ఎన్ని సెకనులు తప్పుచున్నదో చూపు చిన్న యంత్రములు నేడు దొరకుచున్నవి. అట్టి యంత్రమొకటి అంగడి బల్లపై ఉండవలెను.

దూరమునుండి కొన్నవాడు వాచీ నడువదని తిరిగి పంపును. అమ్మినవాడు దారిలో చెడినదనును. ఇరువురిలో సత్యమాడుచున్నదెవరో తేల్చు ఉపాయము లేదు. అంగడిలో వెనుక మూత విప్పి, రాళ్లు, త్రుప్పు, గీతలు కొనువాని కంటికే చూపవచ్చును. డయలుకు రంగు వేసినదైనచో చీటీపై ఆ మాట వ్రాయవచ్చును. రంగు వేయుట తప్పు కాదు, దాచుటయే తప్పు. మూత విప్పుటకు ఇష్టపడని వర్తకుడు తెరమీదనే ఉండుట మేలు, అద్దెయైనను మిగులును.

అద్దె మాట వచ్చినది గనుక లెక్క చూతము. నెలకు అద్దె 8,000 రూపాయలు, ఒక వాచీపై మిగులు 800 రూపాయలు అనుకొన్నచో, పది వాచీలు అమ్మిన పిదపగాని తన కూలి మొదలు కాదు. మన పట్టణమున నెలకు పది పాత వాచీలు కొనువారుందురా? సందేహమే. కనుక అంగడిని నిలుపునది అమ్మకము కాదు, మరమ్మతు. కీ వాచీని నాలుగైదు సంవత్సరములకొకసారి విప్పి, కడిగి, నూనె వేయవలెను. ఆ పని తెలిసిన పెద్దలు ఇంకను కొందరు కలరు. అట్టివారిని గౌరవముతో పిలిచి బల్ల ఇచ్చి, కూలి ఇచ్చి, వారి చేతిపని నేర్చుకొన్నచో అంగడికి అదియే మూలధనము. తెరమీది వర్తకమును వెంటనే విడువనక్కరలేదు. అంగడిలో తీసిన, మూత విప్పిన ఫొటోలతో అదియు సాగవచ్చును.

బల్ల దగ్గర ఒక జాగ్రత్త. 1960లకు పూర్వపు విదేశీ వాచీలలో చీకటిన మెరియుటకు రేడియము కలిపిన పూత వేసెడివారు. మెరుపు పోయినను రేడియము పోదు; అది సగము క్షీణించుటకు సుమారు 1,600 సంవత్సరములు పట్టును. అట్టి డయలును గీకరాదు, ఆ పొడి పీల్చరాదు.

ఇక కొనుగోలు. దీనిని గూర్చి ఎక్కువమంది ఆలోచింపరు. అమ్మకములో వర్తకుడు వంచించునేమో అని భయపడుదుము. పాత వస్తువుల వర్తకములో వంచన తరచుగా కొనునప్పుడే జరుగును. భర్త వాచీని ఒక వృద్ధురాలు తెచ్చి "ఇది పనికివచ్చునా, బాబూ?" అని అడుగును. వంద రూపాయలిచ్చినను ఆమె సంతోషించును. దాని విలువ వర్తకునికి తెలియును, ఆమెకు తెలియదు.

ఆయ్దక్కి మారయ్య కథ మనకు తెలిసినదే. కల్యాణములో బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యము ఏరుకొని తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తేగా, అది మనకు తగినది కాదని భార్య లక్కమ్మ తిరిగి పంపినది. ఆ బియ్యము దొంగిలించినది కాదు, ఎవరును అడ్డుపెట్టలేదు. అయినను ఆమె ఒప్పలేదు.

ఈ కథను అంగడి బల్లకు అన్వయించుట సులభము. ఆ వాచీని బాగుచేయుటకు ఎంత అగునో, బాగుచేసిన పిదప ఎంతకు అమ్ముడుపోవునో రెండును ఆమెకు చెప్పి, తన మిగులును దాచక తీసివేసి ధర కట్టవలెను. ఆ ధరను పుస్తకమున వ్రాసి ఆమెకు రసీదు ఇయ్యవలెను. ఇది లౌకికముగాను లాభమే. వస్తుసేవల పన్ను క్రింద నమోదైన పాత వస్తువుల వర్తకుడు, కొనుగోలుపై పన్ను జమ కోరనిచో, కొన్న ధరకు అమ్మిన ధరకు గల భేదముపైననే పన్ను చెల్లింపవచ్చును. కొన్న ధర వ్రాసియుండనివాడు ఆ భేదమును ఎట్లు చూపగలడు?

విలువ తెలిసిన తరువాత ఆమె అమ్మనని వాచీని కొంగున ముడివేసికొనవచ్చును. అప్పుడు దానిని కడిగి, నూనె వేసి, కొత్త పట్టీ తొడిగి మనుమనికిమ్మని చెప్పవచ్చును. ఆ కూలి అంగడికి దక్కును.