పందికి టీకా – రక్తంలో రుజువు



కాకుమానులో మా నాన్న పందులు పెంచేవాడు. నా పరీక్ష ఫీజు, బస్సు చార్జీలు వాటి మీదే వచ్చేవి. ఒక ఏడు ముసురు పట్టిన వారంలో గొంతులు వాచి, గురక పెడుతూ రెండు రోజుల్లో నాలుగు పందులు చనిపోయాయి. టీకా వేయించి అప్పటికి మూడు రోజులే. "సూది వేయించినా ఎందుకు చచ్చాయిరా?" అని నాన్న అడిగితే జవాబు చెప్పలేకపోయాను. పశువైద్యం చదివాక తెలిసింది.

ఆ జబ్బు పేరు గొంతువాపు. పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా వల్ల వస్తుంది. గేదెలకు, ఆవులకు ఎక్కువ, పందులకూ సోకుతుంది. వానాకాలంలో విజృంభిస్తుంది.

పందులకు టీకా కొత్త కాదు. పందులకు వచ్చే ఎరిసిపెలస్ అనే మరో బాక్టీరియా జబ్బుకు ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, ఆయన శిష్యుడు తుయ్యే 1883లోనే టీకా తయారుచేశారు.

గొంతువాపు టీకాలో చంపిన బాక్టీరియాను పటికతోగాని నూనెతోగాని కలుపుతారు. దాన్ని శత్రువుగా గుర్తించి శరీరం తగినన్ని యాంటీబాడీలు తయారుచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మూడు రోజులు చాలవు. అదే నాన్న ప్రశ్నకు జవాబు.

రక్షణ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

టీకాకు ముందు ఒకసారి, మూడు వారాల తర్వాత ఒకసారి రక్తం తీస్తారు. రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపురంగు ద్రవమే సీరం. దాన్ని వరుస గుంటల్లో 2, 4, 8, 16 రెట్లుగా పలుచన చేస్తారు. బాక్టీరియా పదార్థం అంటించిన ఎర్రరక్తకణాలను ప్రతి గుంటలో వేస్తారు. యాంటీబాడీలుంటే కణాలు అతుక్కుని చాపలా పరుచుకుంటాయి. లేకుంటే అడుగున చొక్కా గుండీలా చేరతాయి. చాప కనిపించిన ఆఖరి పలుచనే 'టైటర్'.

ఉదాహరణకు, టీకాకు ముందు 4, తర్వాత 64 అనుకుందాం. 16 రెట్లు పెరిగినట్లు. నాలుగు రెట్లు పెరిగినా శరీరం స్పందించిందనే లెక్క. టీకా వేయని కొన్ని పందుల రక్తం కూడా పరీక్షించాలి. వాటిలోనూ టైటర్ పెరిగితే అది టీకా వల్లేనని చెప్పలేం.

గుర్తుంచుకోవలసినవి

1. తొలకరికి నెల ముందే టీకా వేయించాలి.
2. టీకా మందును 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు.
3. పటిక టీకా రక్షణ ఇంచుమించు ఆరు నెలలే. మళ్లీ వేయించాలి.
4. జ్వరం, గొంతువాపు కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. ఆలస్యమైతే మందు పనిచేయదు.

మనకు వేసవి సెలవులిచ్చేదీ, టీకా వేయించవలసినదీ ఒకే సమయం. ఇంటికి వెళ్లగానే అమ్మానాన్నలకు ఈ మాట చెప్పండి. నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం మీరు ముందే నేర్చుకోండి.