ఆఫీసులో మనసుకు ఫస్ట్ ఎయిడ్: ఆ సర్టిఫికెట్ దేనికి పనికొస్తుంది?

కార్మికులు 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె చొప్పున ఉండాలని, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉన్న మనిషి దాని బాధ్యత చూడాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అందుకే యంత్రం దగ్గర వేలు తెగితే ఎవరిని పిలవాలో షాప్‌ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. పక్క సీట్లో మనిషి రెండు వారాలుగా భోజనానికి రాకుండా, అడిగితే ముక్తసరిగా జవాబిస్తూ ఉంటే ఏం చేయాలో మాత్రం చాలామందికి తోచదు. ఆ వెలితి పూడ్చడానికి వచ్చిందే మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ.

ఇది పుట్టింది ఆస్ట్రేలియాలో, 2000లో. నర్సింగ్ నేపథ్యం ఉన్న టీచర్ బెట్టీ కిచెనర్, ఆమె భర్త అయిన పరిశోధకుడు టోనీ జోర్మ్ కుక్కను వాకింగ్‌కి తీసుకెళ్తూ మాట్లాడుకున్న మాటల్లో మొలిచిన ఆలోచన. కిచెనర్ స్వయంగా డిప్రెషన్ అనుభవించిన మనిషి. గుండెపోటుకు, కాలిన గాయాలకు ఫస్ట్ ఎయిడ్ నేర్పుతున్నప్పుడు దీనికెందుకు నేర్పకూడదన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత అది చాలా దేశాలకు పాకింది. మన దగ్గర ఐటీ, బ్యాంకింగ్ రంగాల్లో కొన్ని కంపెనీలు ఉద్యోగుల్లోంచే కొందరిని ఎంచి ఇలాంటి శిక్షణ ఇప్పిస్తున్నాయి. పూర్తి కోర్సు మామూలుగా పన్నెండు గంటలు, అంటే రెండు రోజులు. గంటన్నర వెబినార్ చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. అలాంటిదానికి డబ్బు కట్టకండి.

ఆ రెండు రోజుల్లో నేర్పేది వైద్యం కాదు. మనిషి తీరులో మార్పు గుర్తించడం, దగ్గరకెళ్లి మాట కలపడం, తప్పు పట్టకుండా వినడం, సాయం దొరికే చోటు చెప్పడం, అక్కడికి వెళ్లేలా ప్రోత్సహించడం. రాస్తే ఒక్క వాక్యం. చేయడానికి కూర్చుంటే మొదటి మాటే గొంతు దాటదు. ‘ఏంట్రా డల్‌గా ఉన్నావ్, టెన్షన్ పడకు, అన్నీ సర్దుకుంటాయ్’ అనడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ మాటతో అవతలివాడి నోరు మూతపడుతుంది. ‘వారం నుంచి నువ్వు మీటింగుల్లో ఏమీ మాట్లాడట్లేదు, నిద్ర సరిగ్గా పడుతోందా?’ అని అడిగి చూడండి. కంటికి కనిపించింది చెప్పి, ఒక్క ప్రశ్న వేసి ఊరుకోవాలి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం సగం నిమిషం ఉన్నా సలహాతో పూడ్చకుండా కూర్చోవాలి. రోల్‌ప్లేలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

అంతకంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘ఎందుకీ బతుకు’ అని ఎవరైనా పదేపదే అంటుంటే, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ల భయం. అలా జరగదని, అడిగినందువల్ల ఆ మనిషికి భారం దిగడానికి దారి దొరుకుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అవునని జవాబొస్తే ఒంటరిగా వదలకూడదు. చెప్పింది ఎవరికీ చెప్పనని మాట ఇవ్వనూ కూడదు. ప్రాణానికి ముప్పు ఉన్న చోట రహస్యం పని చేయదు. మానసిక సాయం అందించే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉండాలి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఈ ఉచిత సేవ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఛాతీ పట్టేసి, ఊపిరాడక, చెమటలు పడుతున్న మనిషిని చూసి అది పానిక్ అటాకా, గుండెపోటా అని మీరు తేల్చే ప్రయత్నం చేయకండి. అనుమానం వస్తే 108కి ఫోన్ చేయండి.

ఇక కెరీర్ మాట. ఒక్క సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. హెచ్‌ఆర్, సేఫ్టీ ఆఫీసర్, టీమ్ లీడ్, హాస్టల్ వార్డెన్, నర్సింగ్, టీచింగ్ వైపు వెళ్లేవాళ్లకు ఇది అదనపు బలం. బీపీఓల్లో షిఫ్టు సూపర్‌వైజర్లకైతే రోజూ పనికొచ్చే విద్య. కానీ ఇది పూర్తిచేసి లింక్డ్‌ఇన్‌లో ‘మెంటల్ హెల్త్ కౌన్సెలర్’ అని పెట్టుకోవడం మోసం. ఈ రంగమే వృత్తి కావాలనుకుంటే దారి పొడవు: సైకాలజీలో పీజీ, లేదా ఎం.ఎస్.డబ్ల్యూ., లేదా సైకియాట్రిక్ నర్సింగ్. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కోర్సుల స్వరూపం మారుతోంది కాబట్టి చేరే ముందు కాలేజీ బ్రోచర్‌ను నమ్మక, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు చూసుకోండి. మనుషుల అవసరం మాత్రం తీరేది కాదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో వందకు పదిమందికి పైగా మానసిక సమస్యతో ఉన్నారు, వాళ్లలో అత్యధికులకు చికిత్స అందట్లేదు.

ఈ శిక్షణకు ఉన్న పరిమితీ తెలిసి ఉండాలి. నేర్చుకున్నవాళ్లకు అవగాహన, ధైర్యం పెరుగుతున్నాయని చాలా అధ్యయనాలు చూపాయి. సాయం అందుకున్నవాళ్ల ఆరోగ్యం నిజంగా మెరుగుపడిందా అంటే చెప్పేందుకు తగిన ఆధారాలు లేవని వైద్య పరిశోధనల ఆధారాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. నా మటుకు నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. రాత్రి పదకొండింటికి క్లయింట్ కాల్ పెట్టి, శనివారం కూడా లాగిన్ అవమని, ఆ పైన ఇద్దరు ఫస్ట్ ఎయిడర్ల ఫొటోలు నోటీసుబోర్డుకు అంటించే కంపెనీలో ఎవరి మనసు బాగుపడుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు శిక్షణతో పాటు పని పరిస్థితులు మార్చమని కూడా చెప్పాయి. ఆ రెండో ముక్క కంపెనీలకు సరిగ్గా వినపడదు.

రెజ్యూమేలో దీన్ని రాస్తే శిక్షణ ఇచ్చిన సంస్థ, గంటలు, సంవత్సరం రాయండి. ఇంటర్వ్యూలో అడిగితే పక్కవాళ్ల కథలు పేర్లతో చెప్పకండి, ఎవరో గుర్తుపట్టేలా వివరాలూ చెప్పకండి. ఆ ఒక్క పొరపాటుతో మీ సర్టిఫికెట్‌కు విలువ పోతుంది. ‘మమ్మల్ని అడగాల్సిన ప్రశ్నలేమైనా ఉన్నాయా?’ అని చివర్లో అడుగుతారు కదా, అప్పుడు మీరూ అడగవచ్చు: ఫస్ట్ ఎయిడర్ ఒకరి మాట విన్నాక ఎవరి దగ్గరకు పంపుతారు? ఆ సంగతి మేనేజర్‌కు చేరుతుందా? వినే పనికి ఆఫీసు టైమ్ ఇస్తారా, లేక మన పని మనం రాత్రి చేసుకోవాలా? హెచ్‌ఆర్ వాళ్లు మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆఫర్ లెటర్‌లో పని గంటల పేరా రెండుసార్లు చదివి సంతకం పెట్టండి.