వరద కబురులో క్రియావిశేషణం

వానకాలం వచ్చిందంటే మా చర్ల వారి ధ్యాసంతా నీళ్లమీదే. ఒక పక్క తాలిపేరు, మరో పక్క అది వెళ్లి కలిసే గోదావరి. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు చేరిన రోజులు పెద్దలు ఇంకా మరచిపోలేదు.

మట్టం ఎంతో తెలిస్తే చాలదు. నీరు ఎలా పెరుగుతోందో కూడా తెలియాలి. ఈ రెండు ఇంగ్లీషు వాక్యాలు చూడండి.

'ది వాటర్ ఈజ్ రైజింగ్ స్లోలీ.'
'ది వాటర్ ఈజ్ రైజింగ్ ర్యాపిడ్లీ.'

తేడా ఒక్క మాటే. మొదటిది వింటే సామాను సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. రెండవది వింటే పిల్లల్ని, పశువుల్ని తీసుకొని వెంటనే మెట్టకు చేరాలి. 'రైజింగ్' అనే క్రియ ఎలా జరుగుతోందో చెప్పిన ఆ మాటే క్రియావిశేషణం.

'స్లో'కు 'లీ' చేరి 'స్లోలీ' అయింది. మనం 'నెమ్మది'కి 'గా' చేర్చి 'నెమ్మదిగా' అంటాం కదా, అలాగే. అయితే 'లీ' కనబడిన ప్రతి మాటా క్రియావిశేషణం కాదు. 'ఫ్రెండ్లీ' విశేషణం. 'లీ' లేని 'సూన్', 'నౌ', 'హియర్' క్రియావిశేషణాలే.

మరి గుర్తుపట్టడం ఎలా? క్రియను ప్రశ్నించండి: ఎలా? ఎప్పుడు? ఎక్కడ? ఎంతగా? జవాబుగా వచ్చే మాట సాధారణంగా క్రియావిశేషణమే. అది విశేషణానికి కూడా తోడవుతుంది. 'ది ట్యాంక్ ఈజ్ నియర్లీ ఫుల్' అంటే చెరువు దాదాపు నిండింది; ఇంకా కొంచెం వెలితి ఉంది.

ఒకసారి మా తరగతిలో ఒక విద్యార్థి, రాత్రి వాన గట్టిగా కురిసిందని చెప్పబోయి, 'ఇట్ హార్డ్లీ రెయిన్డ్' అని రాశాడు. దాని అర్థం 'వాన దాదాపు పడనేలేదు' అని! 'ఇట్ రెయిన్డ్ హార్డ్' అనాలి. ఆ వాక్యాన్ని నమ్మి ఎవరైనా వాగులో దిగితే? ప్రయోగం రాసినా, వరద కబురు రాసినా ఈ చిన్న మాటను సరిచూసుకోవాలి.

ఇప్పుడు మీరు క్రియావిశేషణాలు గుర్తించండి:

1. ది బోట్ కేమ్ లేట్.
2. ది బ్రిడ్జ్ ఈజ్ వెరీ న్యారో.
3. ఎ ఫ్రెండ్లీ డాగ్ బార్క్డ్ లౌడ్లీ.

జవాబులు: 1. లేట్ 2. వెరీ 3. లౌడ్లీ. మూడవదానిలో 'ఫ్రెండ్లీ' అని కూడా రాశారా? అది కుక్క ఎలాంటిదో చెప్పింది. ఎలా మొరిగిందో చెప్పలేదు.