నెలకో ఆదివారం... మీ వాగు దగ్గరికి!

కుళాయి నీళ్లు రంగు మారితే వెంటనే ఫోన్ తీసి కంప్లయింట్ ఇస్తారు. మంచిదే. మరి ఆ నీళ్లు బయల్దేరిన వాగును ఎప్పుడైనా చూశారా?

హైదరాబాద్‌నే తీసుకోండి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేటకు వస్తుంది. ఈసీ నది హిమాయత్ సాగర్‌కు చేరుతుంది. 1908 వరదల తర్వాత కట్టిన జలాశయాలివి. వీటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకే 1996లో 111 జీవో వచ్చింది. జీవోలు వస్తాయి, మారతాయి. ఎగువన వాగులో కలిసింది మాత్రం దిగువకు రాక మానదు.

అందుకే ఆ వాగును కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆ మనిషి మీరే!

"నేనేమైనా సైంటిస్టునా?" అనకండి. కావాల్సింది డిగ్రీ కాదు, అలవాటు. ఇలా మొదలుపెట్టండి:

1. చోటు, టైమ్ మార్చొద్దు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది. తెల్లవారేసరికి అది బాగా తగ్గుతుంది. ఒకసారి పొద్దున, ఇంకోసారి మధ్యాహ్నం కొలిస్తే పోలికే కుదరదు.

2. శాంపిల్ శుభ్రంగా తీయండి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడగండి. ప్రవాహానికి ఎదురుగా నిలబడి ముంచండి. తెల్ల కాగితం ముందు పట్టుకుని రంగు చూడండి. మూత తీసి వాసన చూడండి.

3. మూడు అంకెలు చాలు. ఉష్ణోగ్రత, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాలు). తాగునీటికి పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది మన ప్రమాణం. వాగు నీటిని నేరుగా తాగం కదా! కాబట్టి పోయిన నెలకూ ఈ నెలకూ తేడా ఎంత అన్నదే మీకు ముఖ్యం.

4. ఒక రాయి తిప్పండి. అడుగున మేఫ్లై అనే పురుగు మూడు తోకల పిల్లలు పాకుతుంటే శుభవార్త. మురికిని అవి తట్టుకోలేవు. బురదలో సన్నటి ఎర్ర పురుగులే కుప్పలుగా ఉంటే ఆక్సిజన్ తగ్గిందేమో అని అనుమానించండి. చూశాక రాయిని మళ్లీ అలాగే పెట్టేయండి.

5. అక్కడే రాయండి. ఇంటికెళ్లాక రాద్దాం అనుకుంటే సగం మర్చిపోతారు. ముందు రోజు వాన పడిందా అన్నదీ రాయండి.

ఒక్క నియమం మాత్రం తప్పొద్దు. వాగు పొంగుతుంటే దిగకండి. ఒంటరిగా వెళ్లకండి.

మొదటి నెల అంకెలు మీకేమీ చెప్పవు. నిరాశ పడొద్దు! ఏడాది తిరిగేసరికి వానాకాలం నీళ్లెలా ఉంటాయో, ఎండాకాలం ఎలా ఉంటాయో మీకు కంఠతా వస్తుంది. అప్పుడు ఏ కాలంలోనైనా టీడీఎస్ మామూలుకు మించి ఎగబాకితే పసిగట్టేది మొదట మీరే. పన్నెండు నెలల రికార్డు, ఫొటోలు పట్టుకుని పంచాయతీకో, కాలుష్య నియంత్రణ మండలికో వెళ్లండి. "నీళ్లు పాడయ్యాయండీ" అనే మాటకు లేని బలం ఆ నోట్‌బుక్‌కు ఉంటుంది.

ఈ ఆదివారమే మొదటి పేజీ తెరవండి. తేదీ, టైమ్, వాగు పేరు రాయండి. పేరు తెలియదా? అక్కడ గేదెలు తోలుకొచ్చే పెద్దాయన్ని అడగండి. వాగు ఒకప్పుడు ఎలా ఉండేదో కూడా ఆయనే చెబుతారు. అదీ రాసుకోండి!